పరువు ఎవరి సొత్తు? ఫేస్‌బుక్ రాతలు, వాడ బతుకులు

కాలేజీల్లో కొన్నేళ్లుగా ఒక ఉపన్యాసం నడుస్తోంది. ఒక పోలీసు అధికారో, ఉద్యోగాలకు శిక్షణ ఇచ్చే ఆయనో వచ్చి మైకు పట్టుకుంటాడు. ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఏది పడితే అది పెట్టొద్దనీ, రేపు ఉద్యోగమిచ్చేవాడు చూస్తాడనీ, పెళ్లి సంబంధం వాళ్లు చూస్తారనీ, పోయిన పరువు మళ్లీ రాదనీ చెప్పి వెళ్తాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ ఉపన్యాసం రెండు సంగతుల్ని ఎవర్నీ అడక్కుండానే ఒప్పేసుకుంటుంది. పరువు అందరికీ సమానంగా ఉందనేది ఒకటి. దాన్ని ఎవరికి వాళ్లే చేతులారా పోగొట్టుకుంటారనేది రెండోది. వాడ నుంచి వచ్చిన విద్యార్థికి ఈ రెండూ సరిపడవు. మన పరువు తీసిన పోస్టు చాలాసార్లు మనం రాసింది కాదు. మనమే రాసినా, దాన్ని చదివే కళ్లు వేరు, తూచే తక్కెడ వేరు. ఒక పోస్టు ఒక మనిషి బతుకులోకి ఏ దారిన వస్తుందో, ఎవరి చేతిలో పడి ఆయుధమవుతుందో, చట్టం ఎంతవరకు అక్కరకొస్తుందో విడమరిచి చెప్పుకోవాల్సిన అవసరం ఉందని మేం అనుకుంటున్నాం.

మేం ఈ మాటలు గరికపాడు వైపు నుంచి రాస్తున్నాం. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం ఇది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు. జగ్గయ్యపేట దాటి హైదరాబాదు వైపు పోతే 65వ నెంబరు జాతీయ రహదారి మీద రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు ఉన్నది ఇక్కడే. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ చేయించినప్పుడు, ఇళ్లకు బయల్దేరిన పిల్లలు వేల సంఖ్యలో ఈ చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోయారు. మనుషుల్ని ఆపారు, బైకుల్ని ఆపారు. వాళ్ల ఫొటోలు మాత్రం ఆగలేదు. పిల్లలు ఇల్లు చేరకముందే ఫోన్లలో ఊళ్లకు చేరాయి. లారీ అయితే సరుకేమిటి, బిల్లేది, ఎక్కడ ఎత్తావు అని అడిగేవాళ్లున్నారు. వాట్సాప్‌లో వచ్చిన మాటను ఎవడు ఎత్తాడో, ఎక్కడ దించుతున్నాడో అడిగే చెక్‌పోస్టు లేదు. మిరప కోతకూ పత్తి తీతకూ పోయే ఆడవాళ్ల చేతుల్లో కూడా ఇప్పుడు ఫోను ఉంది. అంచేత ఇది పట్నం చదువుకున్నవాళ్ల గొడవ మాత్రమేనని కొట్టిపారేయడానికి వీల్లేదు.

ముందు పరువు అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఊళ్లో 'పరువుగల కుటుంబం' అంటే ఎవరి ఇంటి గురించి మాట్లాడుతున్నారో ఎవరూ వివరించనక్కర్లేదు. భూమి, కులం, పది మందిలో చెల్లే మాట, ఈ మూడూ కలిస్తే పరువు. వాడలో ఉన్నదాన్ని మహా అయితే 'మంచితనం' అంటారు. 'వాడు మంచోడు, అణకువగా ఉంటాడు' అంటారు. అంటే మనకు దక్కే మంచి పేరుకు ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది: అణగి ఉన్నంత కాలమే అది. తలెత్తి ఒక మాట అన్న రోజున ఆ మంచి పేరు రద్దవుతుంది. పై కులాల పరువు పుట్టుకతో వచ్చిన ఆస్తి లాంటిది, వాడవాళ్ల మంచి పేరు ఏడాది కౌలు లాంటిది. ఇంకో మాట చూడండి. 'పరువు హత్య' అంటున్నాం. దోపిడీ హత్యలో దోపిడీకి గౌరవం లేదు, కక్ష హత్యలో కక్షకు గౌరవం లేదు. ఈ ఒక్క హత్యకే చంపినవాడి గౌరవాన్ని పేరులో మోస్తున్నాం. పత్రికలు రాస్తున్నాయి, మనమూ రాస్తున్నాం.

ఫోన్లు రాకముందు ఈ పని ఎట్లా జరిగేదో మనకు తెలియంది కాదు. 1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్డి కుర్రాడికి తగిలింది. ఆ తర్వాత నెలరోజుల పాటు ఊళ్లో మాట తిప్పారు. చదువుకున్న మాల కుర్రాళ్లు పొగరెక్కారని, తమ ఆడవాళ్లను అల్లరి పెడుతున్నారని. ఆ మాటకు సాక్ష్యం ఎవరూ అడగలేదు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి కాలవల్లో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. మనం గమనించాల్సింది ఆ మధ్య నెలరోజుల్ని. రచ్చబండ మీదా టీ బంకు దగ్గరా నెలరోజులు పట్టిన పని ఈనాడు గంటలో అవుతోంది. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చినందుకు 2022 మే 24న అమలాపురంలో జనాన్ని పోగుచేసింది వాట్సాప్ గ్రూపులేనని పోలీసులే చెప్పారు. ఆ రోజు దళిత మంత్రి ఇల్లూ, బీసీ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. తర్వాత ఆ ప్రాంతంలో ఇంటర్నెట్టే ఆపేయాల్సి వచ్చింది.

ఒక పోస్టు, ఐదుగురు విద్యార్థులు

ఫేస్‌బుక్ రాత ఒకటి దళిత విద్యార్థుల పరువు తీసి, చివరకు ప్రాణం మీదికి తెచ్చిన సంగతిని అంచెలంచెలుగా చూడాలంటే హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరికి పోవాలి. రోహిత్ వేముల పేరు తెలియనివాళ్లు ఈ పత్రిక పాఠకుల్లో ఉండరు. కానీ ఆ కథ ఒక ఫేస్‌బుక్ పోస్టుతో మొదలైందన్న సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు.

2015 జులై 30న యాకూబ్ మెమన్‌ను ఉరితీశారు. ఉరిశిక్షకు వ్యతిరేకంగా అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ యూనివర్సిటీలో నిరసన తెలిపింది. ముజఫర్‌నగర్ అల్లర్ల మీద తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనను ఢిల్లీలో అడ్డుకున్నందుకు కూడా నిరసన చేసింది. అప్పుడు ఏబీవీపీ నాయకుడొకరు ఏఎస్ఏ వాళ్లను గూండాలంటూ ఫేస్‌బుక్‌లో రాశారు. ఒక్క మాట. ఆగస్టు 3 రాత్రి ఏఎస్ఏ విద్యార్థులు వెళ్లి నిలదీశారు. ఆయన క్షమాపణ రాసిచ్చారు, పోస్టు తీసేశారు. తర్వాత తనను కొట్టారని ఫిర్యాదు చేసి ఆసుపత్రిలో చేరారు. కొట్టలేదని వీళ్లన్నారు. ఆ రాత్రి ఏం జరిగిందనే దాని మీద ఈనాటికీ రెండు కథనాలున్నాయి, దాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. మా దృష్టి ఆ మాట ప్రయాణం మీద.

ఫేస్‌బుక్‌లో తీసేసిన మాట కాగితం మీదికి ఎక్కింది. ఆగస్టు 17న సికింద్రాబాదు ఎంపీ, అప్పటి కేంద్ర మంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల మంత్రి స్మృతి ఇరానీకి లేఖ రాశారు. ఆ యూనివర్సిటీ కులవాద, తీవ్రవాద, జాతి వ్యతిరేక రాజకీయాలకు అడ్డాగా మారిందని అందులో ఉంది. గూండా అనే మాట ఇప్పుడు జాతి వ్యతిరేకి అయింది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మంత్రిత్వ శాఖ నుంచి యూనివర్సిటీకి ఒకదాని వెనక ఒకటి ఉత్తరాలు వచ్చాయి, ఏం చర్య తీసుకున్నారని. మొదట ఐదుగురినీ సస్పెండ్ చేశారు, తర్వాత షరతులతో ఎత్తేశారు. కొత్త వైస్ ఛాన్సలర్ వచ్చాక డిసెంబరులో హాస్టళ్ల నుంచి బయటికి పంపారు. క్లాసుకు పోవచ్చు, పరిశోధన చేసుకోవచ్చు. హాస్టలు, పరిపాలన భవనం, నలుగురూ కలిసే చోట్లు మాత్రం నిషిద్ధం, ఎన్నికల్లో నిలబడటం నిషిద్ధం. రోహిత్‌కు ఏడు నెలల ఫెలోషిప్ కూడా అందలేదు. జనవరిలో వాళ్లు ఆరుబయట ఫ్లెక్సీలతో గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన పిల్లలకు ఊరి చరిత్రంతా తెలుసు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు.

ఈ వరుసలో ప్రతి మెట్టు దగ్గరా ఆగి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పోస్టు తనంతట తాను ఎవర్నీ హాస్టలు నుంచి గెంటలేదు. అది ఒక లెటర్‌హెడ్ మీదికి ఎక్కింది, ఆ లెటర్‌హెడ్ ఫైలు నెంబరు తెచ్చుకుంది, ఫైలు మినిట్స్‌గా మారింది, మినిట్స్ ఆర్డరుగా మారాయి. ఒక విద్యార్థి నోటి మాటకు ప్రభుత్వ ముద్ర పడేదాకా మోసినవాళ్లున్నారు. అట్లా మోసే మనుషులు ఎవరి వెనక ఉంటే వాళ్ల పోస్టుకు బలం. గూండాలంటూ రాసిన రాతకు కేంద్ర మంత్రి లేఖ దొరికింది. ఆ రాత వల్ల తమ పరువు పోయిందని ఏఎస్ఏ వాళ్లు అనుకుంటే వాళ్ల తరఫున ఉత్తరం రాసేవాళ్లేరి? పరువు నష్టం అనే మాట వాళ్లకు వర్తిస్తుందని ఒక్క కమిటీకైనా తట్టిందా?

రోహిత్ పోయాక కూడా ఆ పని ఆగలేదు. ఈసారి కులం మీద పడ్డారు. తల్లి రాధిక చెప్పిన మాట పక్కనబెట్టి, అతను ఎస్సీ కాదు అని తేల్చడానికి కమిషన్లూ కమిటీలూ టీవీ చర్చలూ పోటీపడ్డాయి. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ అదే అన్నది. 2024 మేలో పోలీసులు హైకోర్టుకిచ్చిన ముగింపు నివేదిక కూడా అదే చెప్పి, ఎవరి బాధ్యతా లేదన్నది. గొడవయ్యాక మళ్లీ దర్యాప్తు చేస్తామని అప్పటి తెలంగాణ డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది. చచ్చిపోయిన మనిషికి దొంగ సర్టిఫికెట్ వాడనే పేరు తగిలించడాన్ని మించిన పరువు నష్టం ఏముంటుంది? అతని ఫేస్‌బుక్ రాతల్ని 2016లోనే జర్నలిస్టు నిఖిలా హెన్రీ పుస్తకంగా కూర్చారు. చదివినవాళ్లకు తెలుస్తుంది, ఆ గోడ మీద ఉన్నది సైన్సు మీద ప్రేమ, రాజకీయం, స్నేహం, అలసట అని. 'నీ పోస్టే నిన్ను పట్టిస్తుంది' అని ఉపన్యాసాల్లో భయపెడతారు గదా, ఇక్కడ అతని పోస్టులు అతని తరఫున సాక్ష్యం చెప్తున్నాయి.

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడాలి. 2017 అక్టోబరులో రాయా సర్కార్ అనే దళిత న్యాయశాస్త్ర విద్యార్థి అమెరికా నుంచి ఫేస్‌బుక్‌లో ఒక జాబితా పెట్టారు. విద్యార్థినుల్ని లైంగికంగా వేధించారని ఆరోపణలున్న ఆచార్యుల పేర్లు, పదుల సంఖ్యలో. దేశంలో పేరున్న స్త్రీవాదులు కొందరు వెంటనే ప్రకటన విడుదల చేసి, ఆ జాబితా వెనక్కి తీసుకోవాలన్నారు. పద్ధతి ప్రకారం విచారణ జరగాలి, పేర్లు బయటపెడితే ఎట్లా అన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేదని మేం అనం. ఆరోపణ రుజువు కాదు. వివరాలు లేని జాబితాలో అమాయకుడి పేరు కూడా ఉండొచ్చు. మా పేచీ అక్కడ కాదు. ఆచార్యుల పరువు అనేసరికి ఒక్క రోజులో గుర్తొచ్చిన ఆ పద్ధతి, హైదరాబాదులో ఐదుగురు పిల్లల విషయంలో ఐదు నెలల్లో ఎందుకు గుర్తు రాలేదు? అక్కడ పేర్లు పెట్టింది విద్యార్థి, పోయేది పెద్దవాళ్ల పేరు. ఇక్కడ పేరు పెట్టినవాడి వెనక మంత్రులున్నారు, పోయేది పిల్లల బతుకు. తేడా ఇదే.

ఎట్లా పనిచేస్తుంది

మాట నోటితో అన్నప్పుడు ఎదురుగా ఉన్నవాడికి సందర్భం తెలుసు. ఎగతాళో కోపమో నిజమో గొంతును బట్టి తెలుస్తుంది. రాసి పెట్టినప్పుడు అది పోతుంది. హాస్టలు గదిలో నలుగురు మిత్రుల కోసం పెట్టిన జోకును ఊళ్లో సర్పంచీ, కాలేజీలో ప్రిన్సిపాలూ, స్టేషన్లో ఎస్సై ఒకే చూపుతో చదవరు. పోస్టును తీసేసినా స్క్రీన్‌షాట్ ఉంటుంది. దానిలో ముందు మాట ఉండదు, వెనక మాట ఉండదు, తేదీని కూడా కత్తిరించొచ్చు. మూడేళ్ల కిందటి రాతను నిన్నటిదని చూపించొచ్చు. పేరు కొట్టి వెతికితే మంచీ చెడ్డా కాలక్రమంలో రావు, ఎక్కువమంది నొక్కింది ముందు వస్తుంది. ఎక్కువమంది నొక్కేది బూతూ, కోపమూ.

ఇదంతా అందరికీ జరిగేదే. మనకు మాత్రమే జరిగేది వేరే ఉంది. మనలో చాలామందిమి ఇంటికి మొదటి డిగ్రీవాళ్లం. పై కులపు కుర్రాడు వాగిన బూతు బయటపడితే వాళ్ల మేనమామో, నాన్న స్నేహితుడో ఆఫీసులో కూర్చుని 'కుర్రతనం, సరిదిద్దుకుంటాడు' అని చెప్తాడు. మనకు చెప్పేవాడు లేడు. ఆ కుర్రాడి తప్పు అతనిది. మన కుర్రాడి తప్పు వాడ మొత్తానిది: 'రిజర్వేషన్లో వచ్చినవాళ్లు ఇంతే'. ఒకడు రాసిన అక్షర దోషం కూడా కులం ఖాతాలో పడుతుంది. వాట్సాప్ స్టేటస్‌లో అంబేద్కర్ ఫొటో పెట్టుకుని, ఒక పాట జోడిస్తే 'వీడు కులం రెచ్చగొడుతున్నాడు' అంటారు. అదే స్టేటస్‌లో తమ కులం పేరు, కత్తి గుర్తు పెట్టుకున్నవాడిది 'అభిమానం'. ఒక పోస్టు పరువు తీసిందా లేదా అన్నది అందులోని అక్షరాల కన్నా ముందు ఆ అక్షరాల మీద ఉన్న ఇంటిపేరు తేలుస్తుంది.

డాక్టర్ సుధాకర్ సంగతి గుర్తు చేసుకుందాం. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు సరిపడా ఇవ్వడం లేదని కెమెరా ముందు అన్నాడు. ఆ వీడియో తిరిగింది, ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నంలో రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి పోలీసులు పడేసిన వీడియో తిరిగింది. తాగి గొడవ చేశాడన్నారు, మానసిక ఆసుపత్రికి పంపారు. హైకోర్టు మే 22న సీబీఐ విచారణకు ఆదేశించింది. సరిగ్గా ఏడాదికి, 2021 మే 21న ఆయన గుండె ఆగి చనిపోయాడు. రెండు వీడియోలు. మొదటిదాంట్లో ఒక డాక్టరు ప్రశ్న అడుగుతున్నాడు. రెండోదాంట్లో ఒక మనిషి అర్ధనగ్నంగా రోడ్డు మీద పడి ఉన్నాడు. లోకం జ్ఞాపకంలో మొదటిది చెరిగిపోయి రెండోదే మిగిలింది. ఆ రెండో వీడియోయే కోర్టును కదిలించిందనేది కూడా నిజమే. అది లేకపోతే ఆయన్ను కొట్టారన్న సంగతికి సాక్ష్యం లేదు. అందుకే 'వీడియోలు పెట్టొద్దు' అనే సలహాను మనం గుడ్డిగా తీసుకోలేం. పరువు తీసేదీ అదే, న్యాయం దగ్గరికి తీసుకుపోయేదీ కొన్నిసార్లు అదే.

మా ఊరి చెక్‌పోస్టు దాటి కోదాడ మీదుగా పోతే మిర్యాలగూడ ఎంతో దూరం లేదు. అక్కడ 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ను గర్భవతైన భార్య కళ్ల ముందే నరికి చంపారు. వాళ్లిద్దరూ తమ పెళ్లి వీడియోను ఫేస్‌బుక్‌లో సంతోషంగా పెట్టుకున్నారు, వేలమంది చూశారు. ఏ కొత్త జంటైనా చేసే పనే. తండ్రి మారుతీరావుకు అదే 'పరువు' అయింది. హత్య తర్వాత అంతకన్నా ఘోరం జరిగింది. కూతురు మీద ప్రేమున్న తండ్రిగా అతన్ని పొగుడుతూ పోస్టులు, అమృత మీద బూతులు. 2020 మార్చిలో అతను ఆత్మహత్య చేసుకున్నప్పుడు ఆ చావును కూడా ఆమె మీదే వేశారు. ఆ జూన్‌లో ఒక సినిమా దర్శకుడు ఆ కథను సినిమా చేస్తున్నట్టు ట్విట్టర్‌లో పోస్టరు పెడితే, ప్రణయ్ కుటుంబం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆమె పేరు మీద బురద చల్లిన వేలమందిలో శిక్ష పడ్డవాళ్లు మాకైతే కనపడలేదు. కత్తి మహేష్ చనిపోయిన రోజున, 2021 జులై 10న, తెలుగులో వచ్చిన పోస్టులు చదివినవాళ్లకు ఈ గుంపు స్వభావం ఇంకా బాగా తెలుసు. ఒక టీవీ చర్చలో అన్న మాటకు 2018లో ఆయన్ను హైదరాబాదు నుంచి ఆరు నెలలు బహిష్కరించారు. అది పోలీసుల వెలి. చావును పండగ చేసుకున్నది జనం వెలి.

మనింటి సంగతి కూడా చెప్పుకోవాలి. మన కుర్రాళ్లు పెట్టే పోస్టులన్నీ పోరాటాలు కావు. కాదన్న అమ్మాయి ఫొటో తీసి, ఏదో అతికించి గ్రూపుల్లో వేసేవాళ్లు మన వాడల్లోనూ ఉన్నారు. అట్లాంటప్పుడు ఏం జరుగుతుంది? అబ్బాయిని నాలుగు తిట్టి వదిలేస్తారు. అమ్మాయి ఫోను లాక్కుంటారు, కాలేజీ మాన్పిస్తారు, ఆర్నెల్లలో సంబంధం చూస్తారు. వాడలో మొదటి డిగ్రీ కావాల్సిన పిల్ల మిరప కళ్లంలో తేలుతుంది. ఊరి పెద్దలు మన మీద వాడిన పరువు కొలబద్దను మనం మన ఆడపిల్లల మీద వాడుతున్నాం. దీన్ని దళిత రాజకీయాలు పక్కన పెట్టడానికి వీల్లేదు. ఇంకొకటి, మాల మాదిగల గొడవ. వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు పచ్చజెండా ఊపాక, 2025 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమలుకు దిగాక, రెండు వైపులా ఫేస్‌బుక్‌లో రాసుకున్న మాటల్ని ఇక్కడ రాయలేం. విధానం మీద వాదించుకోవచ్చు, గట్టిగానే వాదించుకోవాలి. కానీ ఒకరి తల్లిని, ఒకరి కులవృత్తిని, ఒకరి తిండిని పట్టుకుని మనవాళ్లు రాసిన రాతల్ని స్క్రీన్‌షాట్ తీసి పండగ చేసుకున్నది ఎవరో మనకు తెలియదా? చెప్పులు కుట్టడం మీదా డప్పు మీదా వేసిన జోకులు మనవాళ్ల చేతి మీదుగా వస్తే, ఇక ఊరివాళ్లను ఏ ముఖంతో అడుగుతాం?

చట్టం ఎంత దూరం వస్తుంది

పరువు నష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే. పాత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లు; 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ. 2016 మేలో సుబ్రహ్మణ్య స్వామి కేసులో సుప్రీంకోర్టు ఈ నేరాన్ని సమర్థిస్తూ, పరువు జీవించే హక్కులో భాగమన్నది. బాగుంది. కానీ ఈ కేసు బాధితుడే కోర్టులో ప్రైవేటుగా వేసుకోవాలి, వకీలును పెట్టుకోవాలి, ఏళ్లు తిరగాలి. కూలి మానుకుని తిరగ్గలిగేదెవరు? అంచేత దీన్ని ఎక్కువగా వాడేది పరువూ డబ్బూ రెండూ ఉన్నవాళ్లు. ఒక మాజీ సంపాదకుడు, కేంద్ర మంత్రి, ట్వీట్లలో తన పేరు బయటపెట్టిన జర్నలిస్టు ప్రియా రమణి మీద ఇదే సెక్షన్ వాడాడు. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా విడుదల చేస్తూ, పరువు హక్కు కోసం స్త్రీ గౌరవాన్ని బలి పెట్టలేమన్నది. ఆ తీర్పు ప్రతి హాస్టల్లో చదివించదగ్గది. ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 'పోస్టు పెట్టావు, 66ఎ కింద లోపలేస్తా' అని ఎవరైనా బెదిరిస్తే ఆ సెక్షనే లేదని చెప్పొచ్చు.

మనకు నిజంగా అక్కరకొచ్చేది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2015 సవరణ తర్వాత 3(1)(ఆర్) అవమానించడం గురించి, (ఎస్) కులం పేరుతో తిట్టడం గురించి, (యు) మన మీద ద్వేషం పెంచే రాతలూ బొమ్మలూ గురించి, (వి) మనం గౌరవించే, కాలం చేసిన మహనీయుల్ని అగౌరవపరచడం గురించి చెప్తాయి. అంబేద్కర్ బొమ్మను వికృతం చేసి తిప్పినవాడికి ఈ చివరిది వర్తిస్తుంది. ఈ సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది, రోహిత్ పోయిన తొమ్మిది రోజులకు.

మొదటి రెండు నేరాలూ 'ప్రజల దృష్టిలో పడే చోట' జరగాలని చట్టం అంటుంది. ఫేస్‌బుక్ అట్లాంటి చోటేనా? 2017 జులైలో ఢిల్లీ హైకోర్టు, పోస్టును స్నేహితులకు మాత్రమే కనపడేట్టు పెట్టినా చట్టం వర్తించొచ్చన్నది. అయితే ఒక కులం మొత్తం మీద రాసిన మాట, ఫలానా మనిషిని ఉద్దేశించనిదైతే, ఆ సెక్షన్ కిందికి రాదని ఆ కేసునే కొట్టేసింది. 2022 జులైలో కేరళ హైకోర్టు ఒక యూట్యూబు వీడియో కేసులో ఇంకాస్త ముందుకు పోయింది. బాధితులు ఎదురుగా లేకపోయినా, ఆ వీడియోను ఎవరు తెరిచినప్పుడల్లా వాళ్ల సమక్షంలో తిట్టినట్టే అన్నది. 2024 ఆగస్టు 23న సుప్రీంకోర్టు మాత్రం, ఒక దళిత ఎమ్మెల్యేను నిందించిన యూట్యూబరు కేసులో, అవమానించబడ్డవాడు ఎస్సీ అయితే చాలదు, ఎస్సీ కాబట్టే అవమానించాడని తేలాలన్నది. అతనికి ముందస్తు బెయిలు ఇచ్చింది. కులం పేరు ఎత్తకుండా, 'రిజర్వేషన్ సరుకు', 'కోటా డాక్టరు' అని తిట్టడం నేర్చినవాళ్లకు ఇది పెద్ద సందు. అట్లాంటి మాటల వెనక కులం ఎట్లా దాక్కుంటుందో కోర్టుకు వివరించే పని మన వకీళ్లది, మన పరిశోధకులది కూడా.

ఇక చేయాల్సిన పనులు. పోస్టు కనపడగానే కోపంతో కింద కామెంటు రాసి, ఆ తర్వాత ఫిర్యాదుకు పోతే ముందు మన కామెంటే బయటికి తీస్తారు. ముందు స్క్రీన్‌షాట్ తీయాలి. తేదీ, సమయం, పెట్టినవాడి ఖాతా పేరు, లింకు కనపడేట్టు తీయాలి. కింద వచ్చిన కామెంట్లు కూడా. వాట్సాప్ అయితే గ్రూపు పేరు, పంపిన నెంబరు, గ్రూపులో ఎంతమంది ఉన్నారో కనపడాలి. ఆ ఫోను మార్చేయకూడదు. అందులో ఉన్నదాన్ని కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధృవపత్రం జత చేయాలి. పాత చట్టంలో 65బి అనేవాళ్లు. అతికించిన ఫొటోలూ నగ్న చిత్రాలూ అయితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఫిర్యాదు అధికారికి వెంటనే రాయాలి. ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని 2021 నాటి ఐటీ నిబంధనలు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును 2 గంటలకు తగ్గించారు. కేంద్రం నడిపే సైబర్ నేరాల పోర్టల్లోనూ ఆడపిల్లల కోసం విడిగా చోటుంది.

స్టేషన్లో 'ముందు విచారణ చేసి, తర్వాత చూద్దాం' అంటే, 2018 సవరణలో చేరిన 18ఎ సెక్షన్ గుర్తు చేయాలి. అట్రాసిటీ కేసు నమోదుకు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 2న జరిగిన భారత్ బంద్‌లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వల్ల వచ్చిన సెక్షన్ అది. కేసు దర్యాప్తు చేసేది డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి అయి ఉండాలి. మనది కమిషనరేటు కాబట్టి ఇక్కడ ఏసీపీ. ఫిర్యాదు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద స్టేషన్ ముద్రా తేదీ వేయించుకోవాలి. తీసుకోకపోతే అదే కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పోలీసు కమిషనరుకు పంపి, రశీదును ఇంట్లో భూమి కాగితాలు పెట్టుకునే చోట పెట్టుకోవాలి.